ఉప్పు గాలిలో లోహం: విశాఖలో డిజైన్ చేసేవాళ్లు ఆర్డరు రాసే ముందు చూసుకోవలసినవి

విశాఖపట్నంలో లోహాన్ని బాధ్యతగా వాడాలంటే ముందు తుప్పు సంగతి తేల్చుకోవాలి. బీచ్ రోడ్డులో పెట్టిన రెయిలింగు ఆరేళ్లకే చిల్లులు పడి పాత ఇనుము కొట్టుకు వెళ్లిందంటే, అదే పనికి గని రెండోసారి తవ్వాలి, కొలిమి రెండోసారి మండాలి, వెల్డరు రెండోసారి ఆ పొగ పీల్చాలి. లోహం ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం ఎంత అవసరమో, వచ్చినదాన్ని ఎక్కువ ఏళ్లు నిలబెట్టడం అంత అవసరం. ఈ రెండూ డ్రాయింగు మీద, ఆర్డరు కాగితం మీద రాసే నాలుగు మాటల్లోనే తేలిపోతాయి. ఆ మాటలు ఎలా రాయాలో చెప్పడానికే ఇది.

ముందు గాలి సంగతి

స్థలం సముద్రానికి ఎంత దూరంలో ఉందో, మధ్యలో అడ్డు ఏముందో చూడండి. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు తెరుచుకున్న బాల్కనీకీ, గోపాలపట్నంలో నాలుగు మేడల మధ్య ఉన్న బాల్కనీకీ ఒకే స్పెసిఫికేషన్ రాయకూడదు. లోహాలు తుప్పుపట్టే వాతావరణాలను ఐ.ఎస్.ఓ. 9223 ప్రమాణం తరగతులుగా విడగొట్టింది. సంఖ్య పెరిగేకొద్దీ తుప్పు ఎక్కువ. సీ4 తరగతి గాలిలో జింకు పూత ఏడాదికి 2.1 నుంచి 4.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరిగిపోతుంది. సీ5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. అలల తుంపర నేరుగా తగిలే చోట ఇంకా ఎక్కువ. సముద్రానికి ఎదురుగా ఉన్న వరసను సీ5గానూ, ఊరి లోపలి కాలనీలను సీ4గానూ అనుకుని లెక్క వేస్తే పొరపాటు తక్కువ.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. వానకు తడిసే భాగం కంటే వాన తగలని భాగమే ముందు తుప్పుపడుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది. సన్‌షేడ్ కింద ఉన్న గ్రిల్లు పై అంచు, రెయిలింగు పట్టీ అడుగు భాగం, బోర్డు వెనకున్న ఫ్రేము మీద మాత్రం ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైన రాత్రి ఆ ఉప్పు చెమ్మగిల్లి లోహాన్ని తింటుంది. కాబట్టి కంటికి కనబడని వైపే పూత మందంగా పడాలని ఆర్డరులో రాయండి. ఆ వైపు చెయ్యి, గుడ్డ వెళ్లి శుభ్రం చేసుకునేలా గోడకూ ఫ్రేముకూ మధ్య 40 మి.మీ. అయినా ఖాళీ వదలండి.

మూడు మీటర్ల రెయిలింగు లెక్క

3 మీటర్ల పొడవు, మీటరుకు కాస్త పైన ఎత్తు ఉన్న మామూలు బాల్కనీ రెయిలింగు తీసుకుందాం. పైనా కిందా 40×40×2 మి.మీ. చదరపు పైపు 6 మీటర్లు, మూడు నిలువు స్తంభాలకు అదే పైపు 3 మీటర్లు. ఆ పైపు మీటరుకు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. మధ్యలో 12 మి.మీ. గట్టి చదరపు కడ్డీలు 25, ఒక్కొక్కటి 0.9 మీటరు. కడ్డీ మీటరుకు 1.13 కిలోలు. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఖాళీ 100 మి.మీ. దాటకూడదు, దాటితే పసిపిల్లల తల దూరుతుంది. మొత్తం బరువు సుమారు 47 కిలోలు.

కడ్డీల బదులు 16 మి.మీ. చదరపు, 1.2 మి.మీ. గోడ ఉన్న బోలు పైపు వేస్తే మొత్తం 34 కిలోలకు దిగుతుంది. పదమూడు కిలోల ఉక్కు మిగిలింది. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన 32 కిలోలు తగ్గినట్టు కనబడుతుంది. పెందుర్తిలో అయితే ఆ లెక్క నిలుస్తుంది, అక్కడ వేసుకోండి. సముద్రం పక్కన మాత్రం 1.2 మి.మీ. గోడ లోపలి నుంచి కూడా తుప్పుపడుతుంది. పైన పెయింటు నున్నగా ఉండగానే లోపల గుల్లైపోయి, ఎవరో ఆనుకున్న రోజున విరుగుతుంది. అక్కడ బరువైన కడ్డీయే న్యాయమైన ఎంపిక. బరువు తగ్గించాలంటే పైపు పల్చన చేయకండి, డిజైను మార్చండి. అనవసరమైన డబుల్ పట్టీలు, అలంకారం కోసం అంటించే పూల ముక్కలు తీసేస్తే ఆ పదమూడు కిలోల్లో సగం అక్కడే దొరుకుతాయి.

ఇదే రెయిలింగును అల్యూమినియంతో చేస్తే, అదే కొలతలకు 16 కిలోలు. బిగువులో అల్యూమినియం ఉక్కులో మూడో వంతే కాబట్టి నిజానికి పైపు లావు పెంచాల్సి వస్తుంది. ఆ సంగతి పక్కన పెట్టినా, బొగ్గు కరెంటుతో తీసిన కొత్త అల్యూమినియం కిలోకు సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే 320 కిలోలు. ఉక్కు రెయిలింగుకు 118. చేతికి తేలిగ్గా తగిలేది గాలికి కూడా తేలికని అనుకోకూడదు.

ఉక్కు ఎక్కడిది

కూర్మన్నపాలెం దాటితే కనబడే ఉక్కు కర్మాగారం 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం వల్ల వచ్చింది. ఆ నేల ఊళ్లు ఖాళీ చేసిన రైతులది. నిర్వాసిత కుటుంబాల్లో ఉద్యోగం రానివాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఈ ఊళ్లో ఉక్కు వాడేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని వాడాలి. పారేయదగిన వస్తువుగా ఉక్కును చూడకుండా ఉండటానికి అది చాలు.

ఆ కర్మాగారం చేసేది కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు, చానెళ్లు, రౌండ్లు. రేకు, కాయిల్ అక్కడ తయారు కావు. కాబట్టి చదరపు పైపుతో గీసిన ప్రతి డిజైనుకీ ఉక్కు వేరే రాష్ట్రం నుంచి కాయిల్‌గా వచ్చి, ఎక్కడో పైపుగా మారి, లారీలో ఊరికి చేరుతుంది. స్థానిక ఉక్కు వాడాలని మనసుంటే యాంగిల్, చానెల్, గట్టి కడ్డీలతో గీయండి. ఇవి బోలు కావు కాబట్టి ఉప్పు గాలికీ మంచివి. ఖనిజం మాత్రం స్థానికం కాదు. అది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి వస్తుంది. ఖనిజాన్ని కొలిమిలో కరిగించి చేసే పద్ధతిలో టన్ను ఉక్కుకు దాదాపు ఒకటిన్నర టన్నుల ఖనిజం, ముప్పావు టన్నుకు పైగా బొగ్గు ఖర్చవుతాయి.

తుక్కును కరెంటు కొలిమిలో కరిగించి చేసిన ఉక్కుకు కార్బన్ భారం చాలా తక్కువ. అయితే చిన్న ఇండక్షన్ కొలిమిలో గంధకం, భాస్వరం సరిగ్గా తగ్గవు. అవి ఎక్కువైతే కడ్డీ వంచేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. కాంక్రీటు కడ్డీకి ఎఫ్.ఇ. 500డి గ్రేడు అడిగి, పరీక్ష పత్రంలో గంధకం, భాస్వరం ఒక్కొక్కటి 0.040 శాతం లోపు, రెండూ కలిపి 0.075 లోపు, సాగుదల కనీసం 16 శాతం ఉన్నాయో లేదో చూడండి. 2024 డిసెంబరులో కేంద్రం గ్రీన్ స్టీల్‌కు నిర్వచనం ఇచ్చింది. టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారం ఉంటేనే ఆ పేరు, 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు. డీలరు ‘గ్రీన్’ అంటే ఆ సర్టిఫికెట్ చూపించమనండి.

కాంక్రీటులో దాగిన ఇనుము సంగతి కూడా ఇక్కడే. ఐ.ఎస్. 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) ప్రకారం సముద్రతీర గాలికి తగిలే కాంక్రీటుకు కడ్డీ మీద 45 మి.మీ. కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు. అలల తుంపర పడితే 50 మి.మీ. సైట్లో కవరు బ్లాకుల బదులు చిప్స్ రాళ్లు పెడుతుంటే పని ఆపించండి. 20 మి.మీ. కవరు ఉన్న స్లాబు పెచ్చులూడాక చేసే మరమ్మతుకు అయ్యే ఖర్చు, పడే చెత్త ముందే సరైన కవరు వేయడం కంటే ఎక్కువ.

గాల్వనైజింగు ఆర్డరు ఇలా రాయండి

‘జి.ఐ. చేయించండి’ (గాల్వనైజింగు, అంటే ఇనుముకు జింకు పూత) అని మాత్రమే రాస్తే మూడు రకాల సరుకు రావచ్చు. మూడూ మెరుస్తూనే ఉంటాయి.

ఒకటి, ముందే పూత పూసిన కాయిల్‌తో చేసిన పైపు. 120 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 120 గ్రాముల పూత) అంటే రెండు వైపులా కలిపిన లెక్క. ఒక్కో వైపు ఎనిమిదిన్నర మైక్రాన్లే. కోసిన చివర్లలో, వెల్డింగు అతుకుల్లో అదీ ఉండదు. రెండు, ఎలక్ట్రోప్లేటింగు. బోల్టులకు, కీళ్లకు వేస్తారు, 8 నుంచి 12 మైక్రాన్లు. సీ5 గాలిలో ఒకటి నుంచి మూడేళ్లలో అయిపోతుంది. మూడోదే కావలసింది: తయారైన ముక్కను మొత్తంగా 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచడం. ఐ.ఎస్. 4759 ప్రకారం 2 నుంచి 5 మి.మీ. మందం ఉక్కుకు చదరపు మీటరుకు 460 గ్రాములు, సుమారు 65 మైక్రాన్లు. 5 మి.మీ. దాటితే 610 గ్రాములు, సుమారు 85 మైక్రాన్లు.

ఇప్పుడు భాగించి చూడండి. సీ5 గాలిలో 65 మైక్రాన్లు ఎనిమిది నుంచి పదిహేనేళ్లు వస్తాయి. 85 అయితే పది నుంచి ఇరవై. మన రెయిలింగుకు పట్టే జింకు మొత్తం రెండు కిలోలు. జింకు కూడా గని నుంచి, స్మెల్టరు నుంచి వచ్చేదే. మింది దగ్గర జింకు స్మెల్టరు 2012 దాకా నడిచింది, కాబట్టి దాని పక్కన బతకడం ఎలా ఉంటుందో ఈ ఊరికి తెలుసు. అయినా రెండు కిలోల జింకు 47 కిలోల ఉక్కును కాపాడుతుంటే అది దండగ కాదు.

డ్రాయింగు మీద ఉండాల్సినవి: బోలు పైపు ప్రతి ముక్కకీ రెండు చివర్లా, ఎదురెదురు మూలల్లో, కనీసం 10 నుంచి 12 మి.మీ. రంధ్రాలు. రంధ్రం లేని పైపులో గాలి, తేమ చిక్కుకుంటే కరిగిన జింకులో ముంచగానే ఆవిరై పేలుతుంది, తొట్టి దగ్గర నిలబడ్డవాళ్ల మీద జింకు చిమ్ముతుంది. ఇది డ్రాయింగు గీసినవాళ్ల తప్పే అవుతుంది. తర్వాత, తొట్టి పొడవు ముందే కనుక్కుని రెయిలింగును అందులో పట్టే ముక్కలుగా విడగొట్టండి. ముక్కల్ని సైట్లో బోల్టులతో కలపాలి. సైట్లో వెల్డింగు చేస్తే అతుకు చుట్టూ జింకు కాలిపోయి, సరిగ్గా అక్కడే తుప్పు మొదలవుతుంది. తప్పనిసరై చేస్తే, చల్లారాక వైరు బ్రష్షుతో రుద్ది జింక్ రిచ్ పెయింటు రెండు కోట్లు. సిల్వర్ పెయింటు రంగు మాత్రమే ఇస్తుంది, రక్షణ ఇవ్వదు.

గాల్వనైజింగు మీద రంగు కావాలన్నప్పుడు ఊళ్లో జరిగే పొరపాటు ఒకటే: నేరుగా మామూలు ఎనామిల్ కొట్టేస్తారు. అందులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొరగా మారుతుంది. ఏడాది తిరిగేసరికి పెయింటు పొట్టు పొట్టుగా లేచిపోతుంది. ముందు ఎచ్ ప్రైమరుగానీ జింకు మీదకు పనికొచ్చే ఎపాక్సీ ప్రైమరుగానీ వేయించి, పైన పాలీయురిథేన్ వేయాలి.

గాల్వనైజింగు కుదరని చోట పెయింటే దిక్కయితే, ముందు ఉక్కును తెల్లగా బ్లాస్టు చేయించి (గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు తీయించి), అదే రోజు ప్రైమరు పడాలి. ఎపాక్సీ జింకు 60 మైక్రాన్లు, మధ్య ఎపాక్సీ 120, పైన పాలీయురిథేన్ 60. ఎపాక్సీని పైకోటుగా వదిలేస్తే ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. బ్లాస్టింగుకు ముందు, ప్రతి కోటుకూ ముందు మంచినీళ్లతో కడగాలి. తీరం దగ్గర బోరు నీళ్లు వద్దు, వాటిలోనే ఉప్పుంటుంది. కడగని ఉప్పు మీద పెయింటు వేస్తే అది నీటిని లోపలికి లాగి బొబ్బలు లేపుతుంది.

బ్లాస్టింగుకు ఇసుక వాడొద్దని ఆర్డరులో స్పష్టంగా రాయండి. ఇసుక ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. ఉక్కు గ్రిట్ గానీ కాపర్ స్లాగ్ గానీ వాడమనండి. ఖర్చు కాస్త పెరుగుతుంది, ఆ ఖర్చు క్లయింటుది, కూలీ ఊపిరిది కాదు.

స్టెయిన్‌లెస్: ఏది అవసరమో అదే

‘ఎస్.ఎస్.’ అన్న మాట ఆర్డరుకు చాలదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 316లో వీటితోపాటు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పుకు తట్టుకునేది దాని వల్లే. బజార్లో 200 శ్రేణి కూడా ఉంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచినది. వంటగది అల్మరా కాళ్లకు సరిపోతుంది. రుషికొండ బాల్కనీలో పెడితే నెలల్లోనే టీ చుక్కల్లాంటి మరకలు. అయస్కాంతం పెట్టి చూసి ‘అంటలేదు కాబట్టి 304’ అంటారు. 200 శ్రేణి కూడా అంటదు, కాబట్టి ఆ పరీక్షకు విలువ లేదు. హీట్ నంబరుతో (ఏ కొలిమి పోతలో తయారైందో చెప్పే సంఖ్య) సహా మిల్లు సర్టిఫికెట్ అడగండి. పెద్ద ఆర్డరైతే ఎక్స్‌రే గన్ ఉన్న పరీక్షశాలకు ఒక ముక్క పంపండి. చిన్నదైతే మాలిబ్డినం చుక్క పరీక్ష కిట్ చాలు.

అన్నిటికీ 316 రాయడం కూడా తప్పే. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ నికెల్ ఇండోనేషియా నుంచి వస్తోంది. అక్కడ అడవి కొట్టి తవ్వి, చాలావరకు బొగ్గు కరెంటుతోనే కరిగిస్తున్నారు. సముద్రం ముఖం చూసే భాగానికి, యాంకర్ బోల్టులకు 316. ఇంటి లోపలి మెట్లకు 304. లోపలి అల్మరాకు అసలు స్టెయిన్‌లెస్ ఎందుకో అడగండి.

మంచి 316 కూడా పాడయ్యే దారులు రెండు. వర్కుషాపులో పక్కనే మామూలు ఇనుము గ్రైండు చేస్తే ఆ నిప్పురవ్వలు స్టెయిన్‌లెస్ మీద గుచ్చుకుని, వారంలో తుప్పు చుక్కలుగా బయటపడతాయి. దానికి వేరే బల్ల, వేరే గ్రైండింగు డిస్కు, స్టెయిన్‌లెస్ వైరు బ్రష్షు ఉండాలి. రెండోది ఫినిషు. గరుకు బ్రష్ ఫినిషులో గీతల మధ్య ఉప్పు కూర్చుంటుంది. గరుకుదనం 0.5 మైక్రాన్ లోపు ఉండాలని, గీతలు నిలువుగా ఉండాలని రాయండి. నిలువు గీతల వెంట వాననీరు ఉప్పును కిందికి తీసుకుపోతుంది, అడ్డగీతలు ఆపేస్తాయి. వెల్డు దగ్గర నీలిరంగు తీయడానికి వాడే పికిల్ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా తింటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేని షాపులో ఆ పేస్టు వాడనివ్వకండి. సిట్రిక్ ఆమ్లంతో పని జరుగుతుంది, కాస్త ఎక్కువ సేపు పడుతుంది అంతే.

అల్యూమినియం, మన కొండలు

విశాఖలో కొత్తగా లేచే ప్రతి అపార్టుమెంటుకీ కిటికీలు అల్యూమినియంవే. దాని ముడిసరుకు బాక్సైట్ మనకు ఎక్కడో దూరాన లేదు. అరకు, అనంతగిరి, చింతపల్లి కొండల నెత్తిన ఉంది. ఆ కొండ కప్పు వాననీటిని పీల్చి ఊటలుగా వదులుతుందని, దాన్ని తవ్వితే వాగులు ఎండిపోతాయని అక్కడి గిరిజనులు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ పోరాటంలోంచే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం గురించి 2013లో గ్రామసభలను అడగమని కోర్టు చెప్పినప్పుడు పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి.

నాలుగు టన్నుల బాక్సైట్‌కు రెండు టన్నుల అల్యూమినా (బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చే తెల్లపొడి), దానికి ఒక టన్ను అల్యూమినియం. ప్రతి టన్ను అల్యూమినాకూ ఒక టన్నుకు పైగా ఎర్ర బురద మిగులుతుంది, ఘాటైన క్షారంతో. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్కాలో అలాంటి చెరువు కట్ట తెగి పదిమంది చనిపోయారు. కరిగించడానికి కిలోకు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు. అదే పాత అల్యూమినియాన్ని మళ్లీ కరిగిస్తే ఆ శక్తిలో 5 శాతం చాలు.

అందుకే పద్ధతి ఇది. కొత్త అల్యూమినియాన్ని కిటికీల వంటి, తేలికగా కదలాల్సిన, పల్చటి సెక్షను చాలిన చోటే వాడండి. ఎక్స్‌ట్రూడరును (అల్యూమినియాన్ని అచ్చులోంచి నెట్టి సెక్షన్లు తీసేవాళ్లను) రీసైకిల్డ్ శాతం ఎంతో, అది వాడి పారేసిన సరుకా లేక ఫ్యాక్టరీ కటింగు ముక్కలేనా అని లిఖితపూర్వకంగా అడగండి. రెండూ ఒకటి కావు. కటింగు ముక్కలు ఎలాగూ మళ్లీ కొలిమికే వెళ్తాయి, వాటిని చూపించి గొప్ప చెప్పుకోవడం సరికాదు. సముద్రం పక్కన ఆనోడైజింగు 25 మైక్రాన్లు, పౌడరు కోటింగైతే 60 నుంచి 80, కింద ప్రీట్రీట్‌మెంట్ (పెయింటు అంటుకునేలా ముందు రసాయనంతో శుద్ధి చేయడం) తప్పనిసరి. ప్రీట్రీట్‌మెంట్ ఎగ్గొడితే పెయింటు కింద పురుగు పాకినట్టు తెల్లటి గీతలు వస్తాయి.

ఏ.సి.పి. షీటు విషయంలో మాత్రం వద్దనే చెప్పాలి. అర మిల్లీమీటరు లేదా అంతకంటే పల్చటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ అంటించిన సరుకది. విడదీయడం కష్టం, మామూలు తుక్కు కొట్టు తీసుకోదు, ప్లాస్టిక్ నడుము వల్ల మంట పాకుతుంది. షాపు ముందు బోర్డుకు గట్టి అల్యూమినియం రేకు చాలు. బోర్డును ఎలా బిగించారో కూడా చూసుకోండి. కట్టడాల మీద పడే భారాలకు ప్రమాణమైన ఐ.ఎస్. 875లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో రేకులు, హోర్డింగులు కాగితాల్లా ఎగిరాయి. రేకుకు జె-హుక్కుల బదులు వాషరున్న స్క్రూలు, అంచుల దగ్గర దూరం తగ్గించి.

రెండు లోహాలు తగిలే చోట

అల్యూమినియం ఫ్రేమును ఇత్తడి స్క్రూతోగానీ, తడి ఆరని చోట పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుతోగానీ బిగిస్తే అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది. ఉప్పు నీటి పొర వాటి మధ్య బ్యాటరీలా పనిచేస్తుంది. పెద్ద అల్యూమినియంలో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ ఫరవాలేదు, నైలాన్ వాషరు, స్లీవు వేస్తే మరీ మంచిది. పెద్ద స్టెయిన్‌లెస్‌కు చిన్న అల్యూమినియం రివెట్ వేస్తే రివెట్ ముందు పోతుంది. రాగి పైపు నుంచి కారే నీళ్లు గాల్వనైజ్డ్ రేకు మీద పడనివ్వకండి.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతకండి, నేల మట్టం దగ్గర నీరు నిలిచి అక్కడే కోసినట్టు విరుగుతుంది. నేల నుంచి 20 మి.మీ. ఎత్తులో బేస్ ప్లేటు, కింద గ్రౌట్, 316 యాంకర్లు.

చేసే మనిషి

వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. గాల్వనైజ్డ్ పైపును వెల్డు చేస్తే ఆ రాత్రికే చలి జ్వరం, ఛాతీలో బిగుతు. బెల్లం, పాలు తీసుకుంటే సరిపోతుందని షాపుల్లో నమ్మకం. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన జింకు పొగను ఆపవు. అతుకుకు ఇరువైపులా 50 మి.మీ. మేర జింకును గ్రైండు చేసి తీసేయాలి, గాలికి ఎదురుగా కాకుండా, గాలి పక్క నుంచి వీచేలా నిలబడాలి, గుడ్డ కాకుండా ఎన్95 మాస్కు పెట్టాలి. స్టెయిన్‌లెస్ వెల్డింగు పొగలో షట్సంయోజక క్రోమియం (క్యాన్సరు తెచ్చే రకం) ఉంటుంది, దానికి పొగ లాగే ఫ్యాను తప్పదు. అపార్టుమెంటులో పని అయితే వెల్డింగు చుట్టూ తెర కట్టించండి, పిల్లలు ఆ వెలుగు చూస్తూ నిలబడతారు.

మాస్కులు, గాగుల్స్, బూట్లు, 30 మిల్లీఆంపియర్ ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్చు): వీటిని కొటేషన్‌లో వేరే వరసగా రాసి, బేరం ఆడకుండా ఇవ్వండి. మొత్తంలో కలిపేస్తే బేరంలో ముందు తెగిపోయేవి అవే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఏ పనిలోనూ, పద్దెనిమిది లోపు వాళ్లు ప్రమాదకరమైన పనిలోనూ ఉండకూడదన్నది చట్టం. గ్రైండరు పట్టుకున్న కుర్రాడి వయసు అడగండి.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా లోహం వాడకాన్ని మారుస్తుంది. కిలో లెక్కన ఇస్తే బరువైన సెక్షను వేసే మొగ్గు. మొత్తం గుత్తకు ఇస్తే పైపు గోడ పల్చనవుతుంది, 2 మి.మీ. అన్నచోట 1.6 వస్తుంది. గుత్త మేలు, కానీ డ్రాయింగులో మీటరు బరువు రాసి, సరుకు దిగినప్పుడు వెర్నియరుతో గోడ మందం కొలిచి, కాటా చీటీ తీసుకోవాలి. ఇద్దరికీ గొడవ ఉండదు.

ఇత్తడి, పాత ఇనుము, మిగతావి

ఇత్తడి, కంచు కావాలంటే శ్రీకాకుళం జిల్లా బుడితి పనివాళ్లున్నారు, వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నమూనా తీసుకుని వేరేచోట అచ్చు పోయించడం వాళ్ల నోటి కూడు తీయడమే. ముడిసరుకుకు ముందే సొమ్ము ఇవ్వండి, చేతిపనికి మిల్లీమీటరు తేడాలు ఉంటాయని క్లయింటుకు ముందే చెప్పండి, బిల్లు మీద, వస్తువు మీద చేసినవాళ్ల పేరు పెట్టండి. తినే పాత్రకు మెషినింగు ఇత్తడి వాడొద్దు, అందులో 3 శాతం దాకా సీసం ఉండవచ్చు. కళాయికి వాడేది నిఖార్సైన తగరమో, సీసం కలిపినదో అడగాలి.

పాత గేటు, ఓడ ఇనుము మళ్లీ వాడటం చాలా మంచిది. ఒక్క జాగ్రత్త: ఇంటికి వాడే పెయింటులో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మనకు 2017 నుంచే. అంతకు ముందటి రంగును గ్యాస్ కట్టరుతో కాల్చినా, పొడిగా గ్రైండు చేసినా సీసం గాలిలో కలుస్తుంది. ముందు తడిపి గీకి, ఆ పొట్టు వేరుగా మూటకట్టాలి. ఓడ ప్లేటును తిరిగి సాగదీసి చేసిన కడ్డీలను భారం మోసే చోట వాడకండి.

బంగారం నగల డిజైనైతే 2021 నుంచి హాల్‌మార్కుతో అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్.యు.ఐ.డి. (ఆ నగకే చెందిన గుర్తింపు సంఖ్య) ఉండాలి. అది స్వచ్ఛతకు గుర్తు, గని మంచిదనడానికి కాదు. చిన్న గనుల్లో పాదరసంతో బంగారం తీస్తారు కాబట్టి పాత నగ కరిగించి చేయడమే మేలు. క్రోమ్ ప్లేటింగు కావాలంటే షట్సంయోజక క్రోమియం కాకుండా, అంత విషం కాని త్రిసంయోజక క్రోమియం బాత్ ఉన్న షాపు వెతకండి.

అప్పగింత కాగితం

పని అయ్యాక క్లయింటుకు ఒక్క పేజీ ఇవ్వండి, నకలు ఒకటి మీటరు బోర్డు తలుపు లోపల అంటించండి. అందులో: ఏ భాగం ఏ లోహం, గ్రేడు, హీట్ నంబరు, పూత పేరు, మైక్రాన్లు, వేసిన తేదీ. సముద్రం వైపు భాగాలను నెలకోసారి, మిగతావి మూడు నెలలకోసారి మున్సిపల్ నీళ్లతో కడిగి గుడ్డతో తుడవాలి, వాన తగలని అడుగు భాగం ముందు. బ్లీచింగ్ పౌడరు, నేల తుడిచే ఆసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. దీపావళికి ముందు ఏటా ఒకసారి అతుకులు, బేస్ ప్లేట్లు చూసి, గోరంత తుప్పు కనబడినా గీకి జింక్ రిచ్ వేయాలి.

చివరి వరస విప్పే పద్ధతి: ఎన్ని బోల్టులు, ఏ సైజు స్పానరు, ఏది ముందు విప్పాలి. అమ్మేటప్పుడు స్టెయిన్‌లెస్, అల్యూమినియం, ఇనుము వేరువేరుగా తూయించాలి, రాగి తీగలు, ఇత్తడి కీళ్లు విడిగా తీసేయాలి. ఇనుప తుక్కులో కలిసిన రాగిని కొలిమిలో ఎవరూ వేరు చేయలేరు, అది తర్వాత సాగదీసే ఉక్కులో పగుళ్లుగా తేలుతుంది. ఆటోనగర్‌లోనో గాజువాకలోనో తుక్కు కొనేవాళ్లు విడివిడిగా తెచ్చిన సరుకుకు ఎక్కువ ఇస్తారు, ఆ మాట కూడా కాగితం మీద రాయండి.